బాలును తెరకు పరిచయం చేసిన కడప హాస్యనటుడు: సింహాద్రిపురం పద్మనాభం నిర్మాతగా, దర్శకుడిగా ఎలా మారారు?

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సినిమాల్లో మొదటి పాట ఏ సినిమాకు పాడారు? క్విజ్‌లలో అడిగే ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి తెలుసు. 1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'. మరి ఆ సినిమా తీసిందెవరు? ఇక్కడికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు.

ఆ సినిమాలో హీరో, దాని వెనకున్న బ్యానర్ యజమాని ఒక్కరే. అప్పటికే తెలుగు ప్రేక్షకులను నవ్వించి నవ్వించి పేరు తెచ్చుకున్న హాస్యనటుడు పద్మనాభం. కడప జిల్లా సింహాద్రిపురం ఆయన సొంతూరు.

పద్మనాభం అనగానే పాత సినిమాల్లో హీరో పక్కన గలగలా మాట్లాడే పొట్టి మనిషే గుర్తొస్తారు. నటుడిగా మొదలై, సొంత సంస్థ పెట్టి, హీరోగా చేసి, ఆ తర్వాత మెగాఫోన్ పట్టుకుని రాష్ట్ర ప్రభుత్వ బంగారు నంది దాకా వెళ్లిన మనిషి ఆయన. అదే దారిలో డబ్బు కూడా పోగొట్టుకున్నారు. ఈ రెండో సగం గురించి చెప్పుకునేది తక్కువ.

కరువు సీమ నుంచి మద్రాసుకు

పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. 1931 ఆగస్టు 20న అప్పటి పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు. ఇప్పుడు సింహాద్రిపురం అంటే చీనీ తోటలు గుర్తొస్తాయి. అప్పట్లో మాత్రం వాన పడితే పంట, లేకపోతే లేదు. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పల్లెల్లో వినోదం అంటే తిరునాళ్లలో నాటకం, తోలుబొమ్మలాట, ఎప్పుడన్నా ఒక టూరింగ్ టాకీసు. గుడారం కింద నేల మీద కూర్చుని చూసే సినిమా అన్నమాట.

పద్మనాభానికి చిన్నప్పటి నుంచి పాటలన్నా, పద్యాలన్నా పిచ్చి. ఆ కాలం సినిమాలకు పాటే ప్రాణం. మైకు ముందు తన పాట తానే పాడుకోగలిగినవాడికే వేషం దొరికే రోజులవి. ప్లేబ్యాక్ పద్ధతి అప్పుడప్పుడే స్థిరపడుతోంది. అంటే ఊరి కుర్రాడికి గొంతు ఉందంటే అది సినిమాకు టికెట్ లాంటిదే.

ఆ గొంతును నమ్ముకుని ఇంకా మీసాలు రాని వయసులో మద్రాసు చేరారు. అక్కడ ఆయనను ఆదరించింది నటి కన్నాంబ. పసుపులేటి కన్నాంబ అప్పటికే పెద్ద స్టార్. ఆమె, భర్త కడారు నాగభూషణం కలిసి శ్రీ రాజరాజేశ్వరీ సంస్థ నడిపేవారు. సినిమాలూ తీసేవారు, నాటకాలూ వేసేవారు. కంపెనీలో పనిచేసేవాళ్లంతా ఒక పెద్ద ఉమ్మడి కుటుంబంలాగా ఉండేది. ఎవరో తెలియని పిల్లాడు వచ్చి పాడి వినిపిస్తే, కన్నాంబ ఆ పిల్లాడికి అన్నం పెట్టి కంపెనీలో చేర్చుకున్నారు. ఇప్పటి ఆడిషన్లతో పోల్చుకుంటే వింతగా ఉంటుంది కానీ, ఆ రోజుల్లో చాలామంది నటుల కథలు ఇలా ఒక ఇంటి గడప దగ్గరే మొదలయ్యాయి.

గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాయాలోకం' 1945లో వచ్చింది. పద్మనాభం తెర జీవితం ఆ సినిమాతో మొదలైందని చెబుతారు. ఆ తర్వాత కొన్నేళ్లు కోరస్‌లో ఒక గొంతు, గుంపులో ఒక ముఖం, చిన్నాచితకా వేషాలు.

సదాజపుడు: చిన్న వేషం, పెద్ద మలుపు

1951లో 'పాతాళ భైరవి' వచ్చింది. తోటరాముడిగా ఎన్టీఆర్, నేపాళ మాంత్రికుడిగా ఎస్వీ రంగారావు. ఆ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు గుర్తున్నాడా? గురువు ఏమంటే అది చేసే బక్క కుర్రాడు. ఆ వేషం వేసింది పద్మనాభమే. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

నిడివి ప్రకారం చూస్తే అది చిన్న పాత్రే. కానీ కథలో దాని స్థానం చూడండి. చచ్చిపోయాడనుకున్న మాంత్రికుడిని సంజీవని మూలికతో మళ్లీ లేపేది ఈ శిష్యుడే. సదాజపుడు లేకపోతే సినిమా రెండో సగం లేదు. ఆ మూర్ఖపు గురుభక్తి పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది, పెద్దవాళ్లకు కాస్త జాలి కూడా కలిగిస్తుంది. ఈ రెండూ కలిపి చూపించగలగడం పద్మనాభం నటనలో ఆ తర్వాత కూడా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ సినిమా తీసిన విజయా సంస్థ అధినేతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి కడప జిల్లావాసే. ఆయన అన్న, వాహినీ సంస్థ బి.ఎన్.రెడ్డి సరేసరి. 'పాతాళ భైరవి' దర్శకుడు కె.వి.రెడ్డిది పక్కనే అనంతపురం జిల్లా తాడిపత్రి. 1951లోనే బి.ఎన్.రెడ్డి 'మల్లీశ్వరి' కూడా విడుదలైంది. అంటే తెలుగు సినిమాకు స్వర్ణయుగం అని చెప్పుకునే ఏడాదిలో రెండు పెద్ద సినిమాలూ సీమవాళ్ల చేతుల మీదుగానే వచ్చాయి. అన్నదమ్ములిద్దరికీ తర్వాత దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది, బి.ఎన్.రెడ్డికి 1974 సంవత్సరానికి, నాగిరెడ్డికి 1986 సంవత్సరానికి. నీళ్లు లేని నేల అని అందరూ అనే చోటి నుంచి వచ్చినవాళ్లే మద్రాసులో స్టూడియోలు కట్టారు.

అయితే నాగిరెడ్డి, బి.ఎన్.రెడ్డి వెళ్లింది వ్యాపారం, ప్రెస్సు అండతో. పద్మనాభం వెళ్లింది గొంతుతో. తేడా అక్కడే ఉంది. డబ్బు విషయం వచ్చినప్పుడు ఆ తేడా మళ్లీ బయటపడుతుంది.

నవ్వించే ఉద్యోగం

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆయనది రోజుకు రెండు మూడు షిఫ్టుల జీవితం. రేలంగి, రమణారెడ్డి జంట వెలుగుతున్న కాలం అది. అల్లు రామలింగయ్య వచ్చారు. వీళ్లందరి మధ్య పద్మనాభం తనకంటూ ఒక చోటు సంపాదించుకున్నారు.

రేలంగిది నిదానం. రమణారెడ్డిది సన్నటి ఒళ్లు, నెల్లూరు యాస. పద్మనాభానిది వేగం. డైలాగ్ అందుకోవడంలో, కళ్లు తిప్పడంలో, సందర్భం మారగానే ముఖం మార్చేయడంలో ఆ వేగం కనిపిస్తుంది. కమెడియన్‌కు తప్పకుండా ఒక పాట పెట్టే రోజులు కావడంతో మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు లాంటి గాయకుల హుషారు గొంతులు హాస్యనటులకు బాగా కలిసొచ్చాయి. పాట తెలిసినవాడు కాబట్టి పద్మనాభం పెదవులు ఆ గొంతుతో ఎక్కడా తప్పవు. గీతాంజలితో ఆయన జంటకు ప్రత్యేకంగా అభిమానులు ఉండేవాళ్లు.

మొత్తం నాలుగు వందలకు పైగా సినిమాల్లో నటించారని చెబుతారు. అన్నీ గుర్తుండే వేషాలు కావు. కొన్ని సినిమాల్లో కమెడియన్ ట్రాక్ కత్తిరించేసినా కథకు ఏమీ కాదు. ఆ సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా? సొంత సినిమాల్లో ఆయన ఎంచుకున్న పాత్రలు చూస్తే, పక్క వేషం నుంచి కథ మధ్యలోకి రావాలన్న తపన స్పష్టంగా కనిపిస్తుంది.

సొంత బ్యానర్ మొదలైంది

రేఖా అండ్ మురళీ ఆర్ట్స్. పద్మనాభం సంస్థ పేరు అది. మొదటి సినిమా 'దేవత' 1965లో వచ్చింది. ఎన్టీఆర్, సావిత్రి జంట. కె.హేమాంబరధరరావు దర్శకుడు. టైటిల్స్‌లో నిర్మాతగా బి.పురుషోత్తం పేరు ఉంటుంది, సమర్పణ పద్మనాభం.

మొదటి సినిమాకే ఎన్టీఆర్, సావిత్రి డేట్లు దొరికాయంటే పద్మనాభానికి పరిశ్రమలో ఎంత మంచి పేరు ఉందో అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ ఆయన తెలివి కూడా చూడాలి. తొలి సినిమాలో తాను హీరో వేషం వేయలేదు. కథ భారం సావిత్రి మీద పెట్టారు. ఉత్తమ ఇల్లాలు సీత రైలు ప్రమాదంలో చనిపోతుంది. అచ్చం ఆమెలాగే ఉన్న మరో అమ్మాయి ఆ ఇంట్లోకి వస్తుంది. ఇంట్లోవాళ్లకు నిజం తెలియదు. రెండు పాత్రలూ సావిత్రివే. ఏడిపించే కథ, ఇంటిల్లిపాదీ చూసే కథ. ఇల్లాలి గొప్పతనం గురించి వీటూరి రాసి, ఘంటసాల పాడిన పాట ఇప్పటికీ పెళ్లిళ్లలో, టీవీ పాటల పోటీల్లో వినిపిస్తూనే ఉంటుంది. సంగీతం ఎస్పీ కోదండపాణి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

'దేవత' బాగా ఆడింది. వెంటనే 1966లో 'పొట్టి ప్లీడరు'. ఈసారి టైటిల్ పాత్ర ఆయనదే. తన ఎత్తు మీద తానే జోక్ వేసుకుంటూ దాన్నే సినిమా పేరుగా పెట్టేశారు. శోభన్‌బాబు ఇంకా పెద్ద స్టార్ కాని రోజులవి, ఆ సినిమాలో ఆయన కూడా ఉన్నారు. పేరు పక్కనపెడితే 'పొట్టి ప్లీడరు' గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. కానీ హాస్యనటుడి పేరు మీద కూడా సినిమా అమ్ముడుపోతుందని పద్మనాభానికి ధైర్యం ఇచ్చింది అదే.

1966 డిసెంబర్ 15

మూడో సినిమా 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'. మర్యాద రామన్న తీర్పుల కథలు తెలుగువాళ్లకు కొత్త కాదు. చిక్కుముడి లాంటి తగాదా వస్తుంది, రామన్న తెలివిగా తీర్పు చెబుతాడు. చందమామ చదివిన ప్రతి ఇంట్లో తెలిసిన కథలే. ఆ రామన్న పాత్ర పద్మనాభం వేశారు, పక్కన గీతాంజలి. దర్శకుడు మళ్లీ హేమాంబరధరరావే, సంగీతం మళ్లీ కోదండపాణే.

మద్రాసులో జరిగిన ఒక పాటల పోటీలో కోదండపాణి ఒక కుర్రాడి గొంతు విన్నారు. అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలో చేరి, ఆరోగ్యం బాగాలేక మానేసి, మద్రాసు వచ్చి ఏఎంఐఈ చదువుతున్న కుర్రాడు. పేరు బాలసుబ్రహ్మణ్యం. కోదండపాణి అతన్ని సొంత మనిషిలాగా చూసుకున్నారు, అవకాశం ఇప్పిస్తానని మాటిచ్చారు. మాట ఇవ్వడం సంగీత దర్శకుడి చేతిలో ఉంటుంది. కానీ డబ్బు పెట్టే మనిషి ఒప్పుకోవాలి కదా.

ఆ రోజుల్లో ఘంటసాల గొంతు ఉంటే సినిమాకు అదొక భరోసా. పంపిణీదారులు కూడా ముందు అడిగేది పాటలు ఎవరు పాడారని. అలాంటప్పుడు పేరు తెలియని విద్యార్థికి పాట ఇవ్వడం నిర్మాతకు ఏ రకంగానూ లాభం కాదు. పద్మనాభం ఒప్పుకున్నారు.

1966 డిసెంబర్ 15న రికార్డింగ్. బాలుతో పాటు మైకు ముందు నిలబడింది ఎవరనుకున్నారు? పి.సుశీల, పీబీ శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ముగ్గురూ హేమాహేమీలు. వాళ్ల మధ్య తొలిసారి పాడాల్సిన కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. ఆ పాట టేపును వెంటనే చెరిపేయకుండా కొన్నాళ్లు దాచి ఉంచమని, మిగతా సంగీత దర్శకులకు వినిపించేందుకు పనికొస్తుందని కోదండపాణి స్టూడియోవాళ్లను అడిగారట. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు, పని అయిపోగానే చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు. ఈ సంగతిని బాలు తర్వాత చాలా వేదికల మీద గుర్తుచేసుకున్నారు. సొంతంగా రికార్డింగ్ థియేటర్ కట్టుకున్నప్పుడు దానికి కోదండపాణి పేరే పెట్టారు.

ఈ కథలో కోదండపాణికి రావాల్సిన పేరు వచ్చింది. పద్మనాభానికి రావాల్సినంత రాలేదు. బాలు మాత్రం ఎక్కడ చెప్పినా ఇద్దరి పేర్లూ చెప్పేవారు.

మెగాఫోన్ చేతికి

మూడు సినిమాలు వేరే దర్శకుడి చేతిలో పెట్టిన పద్మనాభం, 1969లో 'శ్రీరామకథ'తో తానే దర్శకుడయ్యారు. ఆ కాలంలో నటులు దర్శకత్వం చేయడం మరీ అరుదేమీ కాదు. నాగయ్య 'త్యాగయ్య' 1946లోనే తీశారు. భానుమతి 1953లో 'చండీరాణి' తీశారు. ఎస్వీ రంగారావు 'చదరంగం', 'బాంధవ్యాలు' తీశారు. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీశారు. ఎన్టీఆర్ సంగతి చెప్పనక్కర్లేదు. కానీ వీళ్లంతా ప్రధాన పాత్రధారులు, పెద్ద స్టార్లు. హాస్యనటుడు దర్శకుడి కుర్చీలో కూర్చోవడం వేరే విషయం. సెట్లో అందరూ నవ్వుతూ పలకరించే మనిషి, ఆ రోజు నుంచి అందరికీ పని చెప్పాలి.

రెండో సినిమాతోనే ఆయన ఏంటో చూపించారు. 1970లో వచ్చిన 'కథానాయిక మొల్ల'.

మొల్ల ఎవరో ఈ తరానికి రెండు ముక్కల్లో చెప్పాలి. కుమ్మరి ఇంట్లో పుట్టి, తేట తెలుగులో రామాయణం రాసిన కవయిత్రి. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది. ఆమెది కడప జిల్లా బద్వేలు దగ్గరి గోపవరం అని సీమలో గట్టిగా నమ్ముతారు. నెల్లూరు వైపు వాళ్ల వాదన వేరే ఉంది, అది వేరే చర్చ. చదువు, కవిత్వం ఫలానా కులాలకే అన్న రోజుల్లో ఒక కుమ్మరి అమ్మాయి, అందులోనూ పెళ్లి చేసుకోని అమ్మాయి, రామాయణం రాస్తానంటే ఊరు ఊరుకుంటుందా? అసలు కథ అక్కడే ఉంది.

ఆ పాత్రకు వాణిశ్రీని తీసుకున్నారు. అప్పటిదాకా వాణిశ్రీ అంటే గ్లామర్ పాత్రలు, చలాకీ పాత్రలు. మొల్ల పాత్ర ఆమె నటనలోని ఇంకో కోణాన్ని చూపించింది. టైటిల్‌లోనే 'కథానాయిక' అన్న మాట పెట్టి, ఈ సినిమాలో హీరో ఎవరు అని అడగొద్దని ముందే చెప్పేశారు. హాస్యనటుడు తన సొంత డబ్బుతో, తనకు ప్రధాన పాత్ర కాని సినిమా, ఒక కవయిత్రి మీద, అదీ తన జిల్లా మనిషి మీద తీశారు. వ్యాపారం లెక్కలు వేసేవాడు చేసే పని కాదు అది.

ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా బంగారు నంది 'కథానాయిక మొల్ల'కే వచ్చింది. నంది అవార్డులకు ఆ పేరు వచ్చింది అప్పటి అనంతపురం జిల్లా లేపాక్షి నంది నుంచి. సీమ కవయిత్రి కథకు, సీమ దర్శకుడికి, సీమ నంది. కావాలని కుదిర్చినా ఇంత బాగా కుదరదు.

ఆ తర్వాత 1971లో 'జాతకరత్న మిడతంభొట్లు'. ఇది కూడా జానపద కథే. జ్యోతిషం రాని మనిషి జ్యోతిష్కుడిగా చలామణి అవుతుంటాడు. చెప్పిందల్లా అదృష్టం కొద్దీ నిజమవుతూ ఉంటుంది. రాజు గుప్పిట్లో ఏముందో చెప్పమంటాడు. పని అయిపోయింది అనుకుని తన పేరు తలచుకుని ఏడుస్తాడు. గుప్పిట్లో ఉన్నది మిడతే! ఇలాంటి కథ పద్మనాభం లాంటి నటుడికి ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా? రామన్న తెలివితో గెలుస్తాడు, మిడతంభొట్లు అదృష్టంతో గెలుస్తాడు. ఇద్దరూ సామాన్యులే, ఇద్దరికీ కత్తి పట్టడం రాదు.

డబ్బు ఎక్కడ పోయింది?

'మాంగల్య భాగ్యం', 'సినిమా వైభవం', 'పెళ్లి కాని తండ్రి'... 1970ల్లో ఇలా ఇంకొన్ని సినిమాలు తీశారు. కానీ 'దేవత' రోజుల గెలుపు మళ్లీ రాలేదు. నటుడిగా సంపాదించింది నిర్మాతగా కరిగిపోయింది.

ఇది పద్మనాభం ఒక్కరి కథ కాదు. నాగయ్య అలాగే పోగొట్టుకున్నారు. సావిత్రి అలాగే పోగొట్టుకున్నారు. ఎందుకిలా జరుగుతుంది? సినిమా వ్యాపారం ఎలా నడిచేదో తెలిస్తే అర్థమవుతుంది.

అప్పట్లో నిర్మాతకు పెట్టుబడిలో పెద్ద భాగం పంపిణీదారుల అడ్వాన్సుల నుంచి వచ్చేది. ఆంధ్ర, నైజాం, సీడెడ్ అని ఏరియాల వారీగా హక్కులు అమ్మేవాళ్లు. సీడెడ్ అంటే రాయలసీమ. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన జిల్లాలు కాబట్టి ఆ పేరు. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో పుట్టి జనంలో స్థిరపడినా, సినిమావాళ్ల లెక్కల పుస్తకంలో మాత్రం ఇప్పటికీ సీడెడ్డే. ఈ రోజు కూడా బాక్సాఫీస్ కలెక్షన్లలో 'సీడెడ్' అని చూస్తున్నాం కదా, అదే.

పంపిణీదారు అడ్వాన్సు ఇచ్చేది హీరో పేరు చూసి. ఎన్టీఆర్, సావిత్రి ఉంటే డబ్బు ముందే వస్తుంది. కమెడియన్ హీరో అయితే, లేదా కవయిత్రి కథ అయితే ఆ అడ్వాన్సు తగ్గుతుంది. తగ్గిన మేరకు నిర్మాత ఫైనాన్షియర్ దగ్గరికి వెళ్లాలి. వడ్డీ షూటింగ్ మొదలైన రోజు నుంచే నడుస్తుంది, సినిమా విడుదల ఆలస్యమైతే పెరుగుతూనే ఉంటుంది. సినిమా నెగటివే తాకట్టు. బాకీ తీర్చకపోతే సినిమా మీద హక్కులు చేజారిపోతాయి. ఆ తర్వాత ఆ సినిమా ఎన్నేళ్లు ఆడినా, టీవీల్లో ఎన్నిసార్లు వేసినా తీసినవాడికి పైసా రాదు.

పైగా 1970లు వచ్చేసరికి రంగుల సినిమా తప్పనిసరి అవుతోంది, ఖర్చు పెరిగిపోయింది. ప్రేక్షకుల అభిరుచీ మారింది. హాస్యంలో రాజబాబు హవా మొదలైంది. ఒక పక్క నటుడిగా వేషాలు తగ్గుతుంటే, ఇంకో పక్క నిర్మాతగా అప్పు పెరుగుతుంటే మధ్యతరగతి మనిషి తట్టుకోగలడా? స్టూడియో అధినేతలకు ఒక సినిమా పోయినా ఫ్లోర్ అద్దెలు, ల్యాబ్ ఆదాయం ఉంటాయి. పద్మనాభానికి ఉన్నది రోజు కాల్షీటు ఒక్కటే. ఆ కాల్షీటు డబ్బే సినిమాలో పెట్టారు.

ఇప్పటి నటులు సొంత బ్యానర్ పెడితే ఓటీటీ, శాటిలైట్, డబ్బింగ్ హక్కులు కాస్త ఆదుకుంటాయి. అప్పుడు థియేటర్ ఒక్కటే. శుక్రవారం జనం రాలేదంటే అంతే సంగతులు.

ఆ తర్వాత

పద్మనాభం నటన మానలేదు. చిన్న వేషాలు వచ్చినా వేశారు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు. వయసు 78. సుమారు ఆరున్నర దశాబ్దాల కిందట ఏ ఊరికైతే పాట పాడుకుంటూ వెళ్లారో, ఆ ఊళ్లోనే. తెలుగు పరిశ్రమ ఎప్పుడో హైదరాబాద్‌కు తరలిపోయినా ఆ తరంవాళ్లు చాలామంది మద్రాసును వదల్లేదు.

ఆయన పోయిన అయిదు నెలలకు, 2010 జూలైలో రాజమౌళి 'మర్యాద రామన్న' విడుదలైంది. హాస్యనటుడు సునీల్ హీరో. కథ నడిచేది రాయలసీమలో. పాత సినిమాకు, కొత్త సినిమాకు కథలో సంబంధం లేదు, పేరొక్కటే కలిసింది. కొత్తదానికి మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా. అయినా కత్తులు పట్టుకున్నవాళ్ల మధ్య కత్తి పట్టలేని హీరో, ఆ వేషంలో ఒక కమెడియన్... పద్మనాభం ఉంటే ఆ సినిమా చూసి నవ్వుకునేవారేమో.

మరి సీమ యాస ఏది?

ఇక్కడ ఒక లోటు కూడా చెప్పుకోవాలి. పద్మనాభం సినిమాలన్నీ వెతికినా కడప మాట వినిపించేది చాలా తక్కువ. అది ఆయన తప్పు కాదు. అప్పటి సినిమా భాష అంటే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మాటే. సింహాద్రిపురం నుంచి వచ్చినా, తాడిపత్రి నుంచి వచ్చినా తెర మీద ఆ భాషే మాట్లాడాలి, రాయించాలి.

సీమ యాస తెర మీద గట్టిగా వినిపించింది 1990ల చివర్లో, అదీ విలన్ల నోట. అప్పటి కర్నూలు జిల్లా సిరివెళ్లకు చెందిన జయప్రకాశ్‌రెడ్డి 'ప్రేమించుకుందాం రా'లో, 'సమరసింహారెడ్డి'లో మాట్లాడింది సొంతూరి భాషే. జనానికి తెగ నచ్చింది. కానీ ఆ దెబ్బతో సీమ అంటే బాంబులు, సుమోలు, వేటకొడవళ్లు అన్న ముద్ర పడిపోయింది. జయప్రకాశ్‌రెడ్డి తర్వాత అదే యాసతో కామెడీ చేసి నవ్వించారు, ఏకపాత్ర నాటకం 'అలెగ్జాండర్'తో ఊరూరా తిరిగారు. 2020 సెప్టెంబర్‌లో ఆయన చనిపోయారు.

మొల్ల కథను తెరకెక్కించిన జిల్లాను తర్వాతి సినిమావాళ్లు ఫ్యాక్షన్ సెట్టుగా వాడుకోవడం అన్యాయమే. ఇప్పుడిప్పుడే కాస్త మారుతోంది. ఒకప్పుడు కడప జిల్లాలోనే ఉన్న రాయచోటి ప్రాంతం నుంచి వచ్చిన కిరణ్ అబ్బవరం 2019లో 'రాజావారు రాణిగారు'తో హీరో అయ్యారు. రెండో సినిమా 'ఎస్ఆర్ కల్యాణమండపం'కు కథ, స్క్రీన్‌ప్లే, మాటలు తానే రాసుకున్నారు. అది నడిచేది రాయచోటిలోనే, ఆ ఊరి మాటలతోనే. 2024లో వచ్చిన 'క'తో సొంత బ్యానర్ పేరు కూడా తెర మీదకు తెచ్చారు. నటుడిగా వచ్చి, అవకాశం కోసం ఎదురుచూడకుండా కలం పట్టి, తర్వాత బ్యానర్ దాకా వెళ్లడం... దారి పాతదే.

ఏవి చూడాలి?

పద్మనాభాన్ని కొత్తగా చూడాలనుకునేవాళ్లు 'పాతాళ భైరవి'తో మొదలుపెట్టండి. యూట్యూబ్‌లో ఉంది. ఎస్వీ రంగారావు మాట్లాడుతున్నప్పుడు పక్కన నిలబడ్డ సదాజపుడి ముఖం మీద ఓ కన్నేసి ఉంచండి. తర్వాత 'దేవత', నిర్మాతగా ఆయన లెక్క ఎంత పక్కాగా ఉందో తెలుస్తుంది. 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' బాలు పాట కోసమైనా చూడాల్సిందే. నలుగురు గాయకుల్లో బాలు గొంతు ఏదో గుర్తుపట్టడం మొదట కాస్త కష్టం, మనకు అలవాటైన బాలు గొంతు కాదది, చాలా లేతగా ఉంటుంది. ఒక్కటే చూసే తీరిక ఉందంటే మాత్రం 'కథానాయిక మొల్ల' చూడండి.